కాయిలోవర్ల సంగతి తర్వాత, ముందు బుష్‌లు చూడు

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం చదివాను. ముప్పావు వంతు కాయిలోవర్ల గురించే ఉంది, అదే, స్ప్రింగూ డ్యాంపరూ (షాకబ్జార్బర్) ఒకటిగా వచ్చే, ఎత్తు మార్చుకోగలిగే సెట్టు. డ్యాంపర్ గట్టిదనం మార్చే క్లిక్కులు ఎన్ని, ఏ రంగు స్ప్రింగులు, ఎంత కిందికి దిగుతుంది... కారు ఇంకా స్టాండ్ల మీదే ఉందన్న ముక్క మాత్రం చివర్లో ఇరికించావు. నువ్వు మారవు.

"ఏ కిట్ కొనమంటావు?" అని కదా నీ ప్రశ్న. ఇప్పట్లో ఏదీ కొనకు. కోప్పడకుండా ఈ చిన్న లెక్క చూడు. రేసు 14 గంటలు, ల్యాప్‌కి సుమారు 2 నిమిషాలు అన్నావు. ఎక్కడా ఆగకపోతే 420 ల్యాపులు. కొత్త సస్పెన్షన్ వల్ల ల్యాప్‌కి ఒక సెకను కలిసొస్తుందనుకుందాం. మీ నలుగురూ ప్రతి ల్యాపులోనూ ఆ సెకను రాబట్టేస్తారని కూడా పెద్ద మనసుతో ఒప్పుకుంటాను. మొత్తం 420 సెకన్లు, అంటే మూడున్నర ల్యాపులు. అదే చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే బాల్ జాయింట్ ఒకటి ఊడి, కారుని లాక్కొచ్చి బాగు చేసేసరికి అరగంట పట్టిందనుకో, 15 ల్యాపులు గోవిందా. నువ్వు సంపాదించిన మూడున్నరా అందులోనే కొట్టుకుపోతాయి. అందుకే ఇలాంటి రేసులో సస్పెన్షన్ డబ్బు ముందు విరగకుండా ఉండడానికి, తర్వాత టైర్లు కాపాడుకోవడానికి, అప్పటికీ మిగిలితే వేగానికి.

ఇంకో మాట, రూల్ బుక్కు పూర్తిగా చదివావా? అమెరికాలో 2006లో మొదలైన చవక కార్ల రేసు 24 అవర్స్ ఆఫ్ లెమన్స్‌నే చూడు. కారుకి 500 డాలర్ల హద్దు పెట్టారు కానీ బ్రేకులు, చక్రాలు, టైర్లు, భద్రత సామాను ఆ లెక్కలోకి రావు. స్ప్రింగులూ డ్యాంపర్లూ వస్తాయి. హద్దు దాటితే జరిమానా ల్యాపులు. మీ రేసులో ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో ముందు తేల్చుకో. మినహాయింపు ఉన్నచోట ధారాళంగా ఖర్చుపెట్టు.

ఇక కారు దగ్గరికొద్దాం. స్టాండ్ల మీదే ఉంది కాబట్టి ఒక్కో చక్రాన్నీ పైనా కిందా, అటూ ఇటూ పట్టుకుని ఊపు. ప్లే (వదులు) ఉంటే బాల్ జాయింటో, టై రాడ్ ఎండో (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కడ్డీ చివర), వీల్ బేరింగో తేల్చుకుని మార్చెయ్. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టుకునే చెయ్యి) బుష్‌లు, అంటే దాని కీలు దగ్గరి రబ్బరు గొట్టాలు, పగిలాయేమో ప్రై బార్ పెట్టి కదిపి చూడు. అవి పోయిన కారుకి ఎంత మంచి డ్యాంపర్ వేసినా ఉపయోగం లేదు. బ్రేక్ వేసినప్పుడు చక్రం తనకి నచ్చిన వైపు తిరుగుతుంటే నువ్వు పెట్టిన అలైన్‌మెంట్‌కి అర్థమేముంది?

పాలీయురెథేన్ బుష్‌లు వేస్తానన్నావు. ముందు లోయర్ ఆర్మ్‌లో ఒకే ఇరుసు మీద తిరిగేచోట వేసుకో, గ్రీజు మర్చిపోకు. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ముందు నుంచి పట్టుకునే చెయ్యి) బుష్ మాత్రం ఒకేసారి రెండు మూడు దిక్కుల్లో మెలితిరగాలి. అక్కడ గట్టి పాలీ వేస్తే ఆర్మ్ బిగుసుకుపోతుంది, లేదా బ్రాకెట్ పగులుతుంది. దానికి కంపెనీ రబ్బరు బుష్ కొత్తది చాలు. రబ్బరు బుష్‌ల బోల్టుల్ని కారు నేల మీద నిలబడే ఎత్తులో ఉంచి బిగించు. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. చాలామంది ఇది పట్టించుకోరు.

కారుని రెండున్నర అంగుళాలు దించుతానన్నావు చూడు, అది చదివి నాకు టెన్షన్ వచ్చింది. నీ కారు ముందు భాగం మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ డ్యాంపరూ కలిసిన నిలువు కంభమే చక్రాన్ని పైన పట్టుకుంటుంది. లోయర్ ఆర్మ్ ఇప్పుడు చక్రం వైపుకి కాస్త కిందికి వాలి ఉంటుంది. బాగా దించావంటే అది చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు రోల్ సెంటర్ (మలుపులో కారు ఒరిగేటప్పుడు తిరిగే ఊహా బిందువు), కారు గురుత్వ కేంద్రం కంటే వేగంగా కిందికి పోతుంది, వాటి మధ్య దూరం పెరుగుతుంది. అంటే కారుని దించి కూడా మలుపులో ఎక్కువ ఒరగబెట్టినట్టు! ఒరిగినప్పుడు బయటి చక్రానికి ఉన్న నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) కూడా పోతుంది, గతుకు తగిలితే స్టీరింగ్ దానంతటదే లాగుతుంది, బంప్ స్టాప్ (సస్పెన్షన్ కదలిక చివర అడ్డుకునే రబ్బరు దిమ్మ) అందుకోవడానికి ఎంతో దూరం ఉండదు. ఆర్మ్ నేలకి సమాంతరంగా వచ్చేదాకా దించు, అక్కడితో ఆగు. ఫొటోల్లో అందంగా ఉండకపోతే పోనీ.

ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ ఉన్నది క్యాంబర్‌లోనే. రోడ్డు కారు ముందు చక్రాలకి క్యాంబర్ దాదాపు సున్నా ఉంటుంది. ట్రాక్ మీద ముందు చక్రాల బయటి అంచు రేసు సగం కాకముందే బోడి అవుతుంది. మీ లాంటి రేసుల్లో వాడే 200 ట్రెడ్‌వేర్ (అరుగుదల రేటింగ్) టైర్లకి, స్ట్రట్ కారులో మైనస్ 3 డిగ్రీల దగ్గర మొదలుపెట్టడం మంచిది. టైరు లోపలి అంచు, నడుమ, బయటి అంచు, మూడుచోట్లా సూది పైరోమీటర్ గుచ్చి వేడి చూడు. బయటి అంచు ఎక్కువ వేడిగా ఉంటే ఇంకాస్త క్యాంబర్ కావాలి. దూరం నుంచి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ పైపొర వేడే చెప్తుంది, అది పిట్‌లోకి వచ్చేలోపే చల్లారిపోతుంది. స్ట్రట్ పైభాగాన్ని జరిపే క్యాంబర్ ప్లేట్లు కొనలేకపోతే, తిప్పితే క్యాంబర్ మారే ఎక్సెంట్రిక్ బోల్టు వాడు. కాకపోతే ట్రాక్ అంచు కర్బ్ గట్టిగా తగిలితే అది జారుతుంది. బిగించాక పెయింట్ మార్కర్‌తో గీత గీసి, ప్రతి పిట్ స్టాప్‌లో ఒక చూపు చూడండి. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కొలవడానికి మెషిన్ అక్కర్లేదు. కారు రెండువైపులా సమాంతరంగా దారం కట్టి, రిమ్ ముందు అంచుకీ వెనక అంచుకీ దూరం చూసుకుంటే సరిపోతుంది.

స్ప్రింగులు ఎంత గట్టివి వేయాలో ఊరికే ఊహించకు. చక్రం 10 మిల్లీమీటర్లు లేచినప్పుడు స్ప్రింగు 7 మిల్లీమీటర్లే నొక్కుకుంటే నిష్పత్తి 0.7, చక్రం దగ్గర గట్టిదనం దాని వర్గం, అంటే 0.49 వంతు. వెనక 80 న్యూటన్ పర్ మిల్లీమీటర్ స్ప్రింగు వేశావనుకో, చక్రానికి దక్కేది 39. ఆ మూల మోసే బరువు 250 కిలోలైతే ఊగే వేగం సుమారు 2 హెర్ట్జ్, అంటే సెకనుకి రెండు ఊపులు. మామూలు రోడ్డు కార్లు 1 నుంచి 1.5 మధ్య ఉంటాయి. నేలకి నొక్కే రెక్కలూ గిక్కలూ లేని మీ కారుకి 2 చుట్టుపక్కల చాలు. అంతకు మించి గట్టిపరిస్తే గతుకుల మీద టైరు నేలని వదిలేస్తుంది, అయిదో గంటకి డ్రైవర్ నడుము కూడా వదిలేస్తుంది.

డబ్బు అసలు లేకపోతే ఉన్న స్ప్రింగునే కోయొచ్చు, నవ్వకు. 8 చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీసేస్తే 14 శాతం గట్టిపడుతుంది. కటింగ్ డిస్క్‌తోనే కొయ్యి, గ్యాస్ మంట పెడితే ఉక్కు పదును పోతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా స్ప్రింగు తన గూట్లోనే ఉండాలి, ఊడిపడే అవకాశం ఉంటే ఆ పని చెయ్యనే వద్దు. అదే ప్లాట్‌ఫామ్ మీద వచ్చిన బరువైన మోడల్ స్ప్రింగులు పాత సామాన్లలో దొరికితే ఇంకా మేలు.

మరి డ్యాంపర్లు? నా దగ్గర ఒకే ఒక్క భాగానికి డబ్బుంటే ఇక్కడే పెడతాను. స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది, డ్యాంపర్ దాన్ని వేడిగా మార్చి వదిలిస్తుంది. గంటల తరబడి ఆ పని చేస్తుంటే నూనె కాగుతుంది. మామూలు ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం) డ్యాంపర్‌లో నూనె, గాలి కలిసి నురగ కట్టి పట్టు పోతుంది. ఒకే గొట్టం ఉండే మోనోట్యూబ్‌లో గ్యాస్ నూనెలో కలవకుండా వేరే పిస్టన్ అడ్డుకుంటుంది, గొట్టానికి నేరుగా గాలి తగులుతుంది, కాబట్టి తట్టుకుంటుంది. స్ప్రింగు రెట్టింపు గట్టిదైతే డ్యాంపింగ్ కూడా సుమారు 1.4 రెట్లు కావాలి. అంటే పాత షాకబ్జార్బర్ల మీద కొత్త గట్టి స్ప్రింగులు వేస్తే కారు గెంతుతూనే ఉంటుంది. నువ్వు చూసిన చవక కిట్‌లాంటివి చాలావరకు పైన పటారం, లోన లొటారం. సగం క్లిక్కులు తిప్పినా తేడా తెలియదు, కుడిదీ ఎడమదీ ఒకే నంబరు మీద ఒకేలా పనిచేస్తాయన్న నమ్మకం లేదు, లీకయితే విడిభాగాలు దొరకవు. దానికి బదులు కంపెనీ బిగింపులోనే కూర్చునే మంచి మోనోట్యూబ్, రీబౌండ్ (స్ప్రింగు సాగేటప్పటి డ్యాంపింగ్) ఒక్కటే మార్చగలిగేది, మళ్లీ రీబిల్డ్ చేయించుకోగలిగేది చూడు. మంచి కాయిలోవర్లు లేవని కాదు, అవి నీ బడ్జెట్‌లో లేవు అంతే.

ముందు చక్రాలతో నడిచే కారు కాబట్టి మలుపులో ముక్కు బయటికి పోతుంది. వెనక యాంటీ-రోల్ బార్ (కారు ఒరగకుండా కుడి ఎడమ చక్రాల్ని కలిపే కడ్డీ) కాస్త లావుది వెయ్యి. గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, 20 మిల్లీమీటర్లది 22 చేస్తే 46 శాతం ఎక్కువ. మరీ ముదిరితే మీలో నెమ్మదిగా నడిపేవాడు రాత్రిపూట గిర్రున తిరుగుతాడు. కారుని వాడికి తగ్గట్టు సెట్ చెయ్యి, నీకు తగ్గట్టు కాదు. వాన వస్తే పిట్‌లో వెనక బార్ లింకు ఒకటి ఊడదీసి, ఆ బార్ దేనికీ తగలకుండా కట్టేస్తే చాలు, కారు మెత్తబడుతుంది.

స్పేర్లుగా బేరింగ్‌తో సహా ముందు హబ్ ఒకటి, లోయర్ ఆర్మ్ ఒకటి, పూర్తిగా బిగించి ఉంచిన స్ట్రట్ ఒకటి పెట్టుకోండి. పిట్‌లో కంప్రెసర్ పెట్టి స్ప్రింగు నొక్కుతూ కూర్చునే పని ఉండకూడదు.

ప్లే ఎక్కడెక్కడ దొరికిందో, లోయర్ ఆర్మ్ ఏ వాలులో ఉందో ఫొటోలు తీసి పంపు. వెనక చక్రం నిష్పత్తి కూడా కొలిచి రాయి, స్ప్రింగు నంబరు అప్పుడు చెప్తాను. అంతదాకా ఆ కిట్ ఆర్డర్ పెట్టకురా బాబూ.

ఉంటాను మరి,
నీ మావ