సీసా మీద పరిమళ పదార్థాల పేర్లు రాయించండి: కేంద్ర ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారములు.

నేను 18 ఏళ్లుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. నిరుడు గోళ్ల చుట్టూ చర్మం పగిలి, వేళ్ల సందుల్లో నీటి పొక్కులు లేచి, దురదతో రాత్రిళ్లు కంటికి కునుకు లేకుండా పోయింది. సబ్బు పడలేదనుకున్నాను, నీళ్లు పడలేదనుకున్నాను. చివరికి చర్మవైద్యురాలు నా వీపు మీద, ఏ పదార్థం పడదో తేల్చే ప్యాచ్ టెస్టు పట్టీలు అంటించి, 48 గంటలకు తీసి, మరో రెండు రోజులాగి మళ్లీ చూశారు. పరిమళాల మిశ్రమం పెట్టిన చోట మాత్రమే చర్మం ఎర్రగా పొంగి ఉంది. ఆ మిశ్రమంలోని ఎనిమిది పదార్థాల పేర్లు చీటీ మీద రాసిచ్చి, అవి ఉన్న వేటినీ ముట్టుకోవద్దన్నారు.

ఆ చీటీ పట్టుకుని పార్లర్‌లోని సీసాలన్నీ తిప్పి తిప్పి చూశాను. చాలా వాటి మీద ‘పర్‌ఫ్యూమ్’ అన్న ఒక్క మాట తప్ప మరేమీ లేదు. ఒకదాని మీద మాత్రం ‘అసలైన గులాబీ నూనె, రసాయనాలు లేవు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. కానీ నా చీటీలోని జెరానియోల్ గులాబీలో సహజంగా ఉండేదే. యూజినాల్ లవంగంలో, సిన్నమాల్ దాల్చినచెక్కలో ఉంటాయి. పువ్వులోంచి తీసినా ఫ్యాక్టరీలో చేసినా పదార్థం అదే కాబట్టి, ఒకసారి అలర్జీ పట్టుకున్న చర్మానికి ఆ తేడా తెలియదు. లావెండర్‌లోని లినలూల్, నారింజ తొక్కలోని లిమోనీన్ అయితే మూత తీసిన సీసాలో గాలి తగిలేకొద్దీ ఆక్సీకరణం చెంది, తాజాగా ఉన్నప్పటికన్నా ఎక్కువగా అలర్జీ తెచ్చిపెడతాయి.

ఈ నూనెలను నిషేధించమని నేను అడగడం లేదు. నూనె కోసం నిమ్మగడ్డి పండించే రైతుకు నష్టం రాకూడదు, పడేవాళ్లు హాయిగా వాడుకోవాలి. పడనివాళ్లకు కొనేముందే తెలియాలి, అంతే. ఐరోపా సమాఖ్యలో 2005 నుంచి ఇలాంటి 26 పదార్థాల పేర్లు ముద్రిస్తున్నారు. 2023లో ఆ జాబితాను 80 దాటించారు. ఒంటి మీద ఉంచుకునే క్రీముల్లో 0.001 శాతం, కడిగేసే సబ్బుల్లో 0.01 శాతం మించితే పేరు రాయాల్సిందే.

ఇక్కడ అమ్మే ప్రతి సీసా మీద, ‘సహజం’ అని చెప్పుకునే వాటి మీద కూడా, ఈ పేర్లు చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఉండేలా, మూత తీశాక ఎన్ని నెలలు వాడవచ్చో తెలిసేలా చూడాలని వేడుకుంటున్నాను. ప్యాచ్ టెస్టు ప్రతి జిల్లా ప్రభుత్వాసుపత్రిలోనూ అందాలి. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరమ్మాయిల వేళ్లు ఇప్పుడే ఎర్రబడుతున్నాయి, వాళ్లకు ఆ చీటీ ఇంకా అందలేదు.

ఇట్లు,
ఒక బ్యూటీ పార్లర్ నిర్వాహకురాలు