బీపీ చూసేటప్పుడు చెవుల సంగతీ అడగండి

సంపాదకులకు నమస్కారం.

బీపీ అనగానే గుండె, కిడ్నీలు, కళ్లు అంటారు, చెవి మాట ఎవరూ ఎత్తరు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కాక్లియాకి, అదే ఆ నత్తగుల్ల ఆకారపు భాగానికి, రక్తం దాదాపుగా ఒక్క సన్నటి ధమని నుంచే వస్తుంది, అది మూసుకుపోతే ఆదుకునే మరో దారి లేదు. అక్కడి కణాలు పనిచేయాలంటే సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్ ఎప్పుడూ నిలబడాలి, దాన్ని నిలబెట్టేది రక్తనాళాలు దట్టంగా అల్లుకున్న ఓ పలచటి పొర. ఏళ్ల తరబడి బీపీ, షుగర్ అదుపు తప్పితే ఇలాంటి సన్న నాళాలు దెబ్బతింటాయి.

మా అమ్మకి ఓ పొద్దున ఉన్నట్టుండి ఎడమ చెవి వినపడలేదు, ఫోన్ కుడి చెవికి మార్చుకుంటే గానీ మాట తెలియలేదు. ఇంట్లో వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశారు, దగ్గర్లోని డాక్టరు గుబిలి అన్నారు, వారం గడిచిపోయింది. ఇలాంటి హఠాత్తు చెవుడుకి కారణం చాలాసార్లు తేలదు, రక్తం అందకపోవడం ఒక అనుమానం మాత్రమే. కానీ స్టెరాయిడ్ మందు వీలైనంత త్వరగా, మొదటి రెండు వారాల్లోపే మొదలుపెడితే ఆశ ఎక్కువ. ఈ ముక్క జనానికి తెలియాలి, మీరు రాయండి.

ఇంటికొచ్చి బీపీ చూసే ఏఎన్ఎంలు, ఆశాలు “చెవి సరిగ్గా వినపడుతోందా, హోరు ఉందా” అని కూడా అడిగి, తేడా ఉంటే వెంటనే ఆడియోమెట్రీకి, అంటే వినికిడి పరీక్షకి, పంపేలా వైద్యశాఖ ఆదేశాలివ్వాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి