రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ: వారం వాడాక
అందరికీ నమస్కారం. ఈ బోర్డు, అంటే ఒకే పలక మీదున్న బుల్లి కంప్యూటర్, వారంగా మా ఇంట్లోనే నడుస్తోంది. 65 మి.మీ. పొడవు, 30 మి.మీ. వెడల్పు, అంతే! ప్రాసెసర్‌కి నాలుగు కోర్లున్నా ర్యామ్ 512 ఎంబీయే. బ్రౌజర్ తెరిస్తే నత్తనడక, పిల్లల చదువుకని మాత్రం కొనకండి. డెస్క్‌టాప్ లేని లైట్ ఓఎస్ (తేలికైన ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, మేడమీద ట్యాంకుకి నీటిమట్టం సెన్సర్ తగిలించాను. ఇలాంటి పనికి బంగారం.

మొదట్లో పాత ఫోన్ ఛార్జర్ పెడితే, వైఫై అందుకోగానే పచ్చలైటు ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చేది. రెండు రాత్రులు కోడ్‌లో తప్పు వెతికాను. 5 వోల్టుల, 2.5 ఆంపియర్ల అడాప్టర్‌తో కుదుటపడింది. సెన్సర్ వైర్లు కలిపే బోర్డు పిన్నులు 3.3 వోల్టులే తట్టుకుంటాయి, 5 వోల్టుల సెన్సర్ సిగ్నల్‌ని రెండు రెసిస్టర్లతో తగ్గించకుండా కలపొద్దు, బోర్డు పోతుంది. వైఫై 2.4 గిగాహెర్ట్జే, 5 గిగాహెర్ట్జ్‌ది అందుకోదు.

ఆదివారం సాయంత్రం విజయనగరం గంటస్తంభం దగ్గరికి తెస్తాను, చూద్దురుగాని.