కళ్లజోడు ఉందని ఆట మాన్పించకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మండల స్థాయి ఖోఖో పోటీల్లో మన తొమ్మిదో తరగతి అమ్మాయి కళ్లజోడు పగిలి పదిహేను రోజులైంది. వాట్సాప్ గ్రూపులో ఆ చర్చ మాత్రం ఇంకా ఆగలేదు. అమ్మాయి కంటికి చిన్న గీత కూడా పడలేదు, ఫ్రేము విరిగింది, అంతే. అయినా అద్దాలున్న పిల్లలకు ఆటలెందుకని కొందరు, ఆ పీరియడ్ లెక్కలకు ఇచ్చేస్తే పోతుంది కదా అని ఇంకొందరు రాశారు. సోమవారం ప్రార్థనలో నేను పిల్లలకు ఒక ఐస్ హాకీ కోచ్ గురించి చెబితే, దేవరకొండ ఎండల్లో మంచు మీద ఆట సంగతి ఎందుకని కూడా అడిగారు. అందరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ఎఫ్‌ఏ-2 మార్కుల కార్డులు సంతకం పెట్టి పంపండి, బస్సు ఫీజు బాకీలు దసరా సెలవుల్లోపు కట్టండి, స్కూల్లో బతుకమ్మ ఆడే రోజు మెసేజ్‌లో చెబుతాం.

ఇక ఆ కోచ్ సంగతి. ఆయన పేరు ఆల్ ఆర్బర్. 1932లో కెనడాలోని సడ్‌బరీలో పుట్టారు. వృత్తి ఆటగాడిగా కళ్లజోడు పెట్టుకునే మైదానంలోకి దిగేవారు. ఐస్ హాకీలో బంతి ఉండదు. దాదాపు 170 గ్రాముల గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్ని పక్ అంటారు. గట్టిగా కొడితే అది గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. ఆర్బర్ డిఫెన్స్ ఆటగాడు. ఆ పక్ గోల్ వైపు పోకుండా తన ఒంటిని అడ్డం పెట్టడమే ఆయన పని. ఆ రోజుల్లో చాలామంది ఆటగాళ్లు హెల్మెట్ కూడా పెట్టుకునేవారు కాదు. అటువంటి ఆటలో, ముఖాన అద్దాలతో!

ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద లీగులో 626 మ్యాచ్‌లు ఆడి ఆయన కొట్టినవి 12 గోల్స్. మన ఇళ్లలో అయితే "ఇన్నేళ్లు ఆడి ఏం సాధించావురా" అని అడిగేవాళ్లం. పెద్ద లీగులో చోటు దొరకక చిన్న లీగులకు వెళ్లి ఆడిన ఏళ్లూ ఉన్నాయి. 1967లో కొత్తగా పుట్టిన సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టు తన మొదటి కెప్టెన్‌గా ఆయన్నే ఎంచుకుంది. గోల్స్ లెక్క చూసి అయితే ఎంచుకుని ఉండదు కదా.

1973లో న్యూయార్క్ ఐలాండర్స్ జట్టుకు కోచ్‌గా వెళ్లారు. అంతకు ముందు సీజన్‌లో ఆ జట్టు 78 మ్యాచ్‌లు ఆడి 12 గెలిచింది. ఆయన వచ్చిన మొదటి ఏడాది గెలిచినవి 19. మార్కులు ఒక్క పరీక్షలో పెరగలేదని ట్యూషన్ మార్చేసే వాళ్లు ఈ అంకెను కాస్త చూడాలి. రెండో ఏడాది ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే పోటీల్లో, పిట్స్‌బర్గ్ జట్టు చేతిలో వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడి, తర్వాతి నాలుగూ గెలిచి ముందుకెళ్లారు. 1980 నుంచి 1983 దాకా వరుసగా నాలుగు స్టాన్లీ కప్‌లు, అంటే ఆ లీగు విజేతకిచ్చే కప్పులు, గెలిచారు. 2007లో, 75 ఏళ్లు నిండిన రెండు రోజులకు, ఆ జట్టు ఆయన్ని ఒక్క మ్యాచ్ కోసం పిలిచింది. కోచ్‌గా ఐలాండర్స్‌తో అది ఆయన 1500వ మ్యాచ్. అదీ గెలిచారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన తొమ్మిదో తరగతి అమ్మాయిని ఇంట్లో ఆట మాన్పించారు. ఆ పిల్ల ఆట పీరియడ్‌లో మూల కూర్చోలేదు. ఆరో తరగతి పిల్లల్ని వరసలో కూర్చోబెట్టి, ఖో ఎప్పుడివ్వాలో, పోల్ దగ్గర ఎలా తిరగాలో, రన్నర్ కాళ్లు కాదు భుజం చూడాలని నేర్పుతోంది. మా పీఈటీ సారు నిలబడి చూస్తూ ఉండిపోయారు. పోయిన గురువారం ఆ ఆరో తరగతి పిల్లలు ఏడో తరగతి జట్టును ఓడించారు! నా సర్వీసులో నేను ఇంత మురిసిపోయిన రోజులు తక్కువ. ఆ అమ్మాయి మళ్లీ మైదానంలోకి దిగాలి, కోచింగూ ఇవ్వాలి. వాళ్ల నాన్నగారిని చేతులెత్తి అడుగుతున్నాను.

ఆట పీరియడ్ లెక్కలకు ఇవ్వను. ఇది పట్టుదల అనుకున్నా సరే. పగటి వెలుతురులో బయట ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంవి మసకగా కనబడటం, మొదలవడం తక్కువని కంటి వైద్యులు పరిశోధనలు చేసి చెబుతున్నారు. అంటే అద్దాలొచ్చాయని ఆట మాన్పించడం పూర్తిగా తలకిందుల ఆలోచన. పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కి, సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లి, చీకటి పడ్డాక ఇల్లు చేరే పిల్లకు ఎండ తగిలేది ఆ నలభై నిమిషాలే. అది కూడా తీసేస్తే ఆ కళ్లు ఎప్పుడు దూరం చూస్తాయి?

మీ మీద గౌరవంతోనే ఇంకో మాట. రాత్రి పదకొండు దాకా దుప్పటిలో ఫోన్ చూసిన పిల్లలు మొదటి పీరియడ్‌లో ఎలా ఉంటారో మా టీచర్లకు తెలుసు. కొందరు అమ్మాయిలు స్కూలు గేటు దాటాక బ్యాగులోంచి అద్దాలు తీసి పెట్టుకుంటున్నారు. ఇంట్లో పెట్టుకుంటే రేపు సంబంధాలు రావని పెద్దవాళ్లు అంటున్నారట. కంటివెలుగు శిబిరంలో ఇచ్చిన అద్దాలు తాతయ్యలు, నానమ్మలు సంతోషంగా పెట్టుకున్నారు కదా, మనవరాలి దగ్గరికి వచ్చేసరికి నామోషీ ఎందుకండీ? ఏడో తరగతి బాబు ఒకడు లెక్కల్లో వెనకబడ్డాడని ఏడాదిగా తిట్లు తిన్నాడు. బోర్డు కనబడటం లేదని ఎవరికీ తట్టలేదు. అద్దాలొచ్చాక ఎఫ్‌ఏ-2లో క్లాసులో మూడోవాడు. శభాష్ నాన్నా.

వచ్చే శనివారం ఉదయం స్కూల్లో కంటి పరీక్ష ఉంటుంది. పాత అద్దాలు, చీటీలు ఉంటే పంపండి. ఆటల్లో ఉన్న పిల్లలకు గాజువి కాకుండా పాలీకార్బొనేట్ అద్దాలు వేయించండి, అవి అంత తేలిగ్గా పగలవు. తల వెనక కట్టుకునే పట్టీ కూడా తీసుకోండి. పట్టీ కొనలేనివాళ్లు పీఈటీ సారుకు చెప్తే చాలు, స్కూలు ఇస్తుంది. మీలో ఒక్కరైనా పిల్లతో పాటు రావాలి, డాక్టరు గారు చెప్పేది మీరే వినాలి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు