ఆదివారం చేతిపని: మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు ఈ నివేదిక చదివి కూర్చోబోతుంటే వెనుక వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, "అది చేసినం, ఇది చేసినం అంటున్నవు. చేసిందెవరో చెప్పవేంది?" అన్నారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట ఏడాదంతా చెవిలోనే ఉంది. ఈసారి మనుషులతోనే మొదలుపెడుతున్నాను. తేదీలు, హాజరు, రసీదులు కావాల్సినవాళ్లకు రెండు పుస్తకాలూ సభలో బల్ల మీద ఉంటాయి, తిరగేసుకోవచ్చు.

ప్రతి ఆదివారం షెడ్డులో పిల్లలకు చేతిపనులు నేర్పే మన ఆదివారం చేతిపనిని నడిపేది ఐదుగురు. రిటైరైన డ్రాయింగ్ సారు తొమ్మిదింటికల్లా షెడ్డు షట్టర్ లేపి, చాపలు పరిచి, పెన్సిళ్లు చెక్కుతారు. ఆయన క్లాసులో రబ్బరు ఉండదు. గీత తప్పితే తుడిపేయనివ్వరు, దాని పక్కనే సరైన గీత గీయమంటారు. మొదట్లో తల్లులు గొణిగారు, బుక్కు పాడైతుందని. ఇప్పుడెవరూ అడగడం లేదు.

టైలరింగ్ చేసే అక్క దగ్గర కత్తెరలు, సూదులు, దారం ఉంటాయి. ఆమె లెక్కపెట్టి ఇస్తుంది, లెక్కపెట్టి తీసుకుంటుంది. ఏడాదిలో పోయిన కత్తెర ఒక్కటే, అది మా ఇంట్లోనే దొరికింది. సర్కారు బడి టీచరమ్మ చిన్నపిల్లల గుంపును చూసుకుంటుంది. మిగతా ఇద్దరు డిగ్రీ చదివే పిల్లలు. వాట్సాప్‌లో కబురు పెట్టడం, సామాన్లు మోయడం, పదిన్నరకు కూడా నిద్ర లేవని ఇళ్ల తలుపులు కొట్టడం వాళ్ల పని. ఐదుగురిలో ఎవరికీ సంఘం ఒక్క రూపాయి ఇవ్వదు. టీ కూడా చాలాసార్లు టైలరక్క ఇంటి నుంచే వచ్చింది.

ఇక ఈ ఏడు మేం చేసిన పెద్ద తప్పు గురించి చెప్పాలి.

మే నెలలో పుట్టపాక నుంచి ఆసు పోసే (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేసే) అత్తమ్మ ఒకామెను పిలిపించుకున్నాం. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు ఆ ఊరు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి పోయిందిగానీ మన నోటికి ఇంకా నల్లగొండ పుట్టపాకే. నూనె పట్టించిన నూలుతో నేసే తేలియా రుమాలును ఇప్పటిదాకా మగ్గం మీద నిలబెట్టిన ఊరు. అక్కడి నేతకారులు గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి, 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇదంతా నేను మైకులో గడగడా చదివాను. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాం. శాలువా కప్పాం. ఫోటోలు దిగాం.

ఆమె శాలువా కొసను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి రెండుసార్లు నలిపి చూసింది. "ఇది మగ్గం మీది కాదు బిడ్డా, మిషిన్‌ది" అన్నది. కోపమేమీ లేదు. బియ్యంలో రాయి కనబడితే ఏరి పక్కన పెడతామే, అట్లా అన్నది.

ఆ శాలువా కొన్నది నేనే, 280 రూపాయలకు. నేతపని చూపించమని పిలిచిన మనిషి మీద మరమగ్గం గుడ్డ కప్పిన ఘనత కార్యదర్శిదేనని ఈ నివేదికలో నమోదు చేస్తున్నాను.

తర్వాత చూస్తే స్టేజీ మీద ఆసు పెట్టుకునే చోటే లేదు. కుర్చీలు, పూలకుండీలు తీసి, చివరికి షెడ్డు వెనుక వేపచెట్టు కింద చాప వేశాం. అర్ధచంద్రాకారంలో మేకులు దిగ్గొట్టిన చట్రం అది. ఒక కొస నుంచి దారం పట్టుకుపోయి ఒక్కో మేకుకు చుట్టి వెనక్కి తేవాలి. ఒక చీరకు సరిపడా ఆసు పోయాలంటే నాలుగైదు గంటల పని, చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి ఆ భుజంనొప్పితో పడే బాధ చూడలేకనే ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశాడు. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చిన సంగతి మనకు తెలుసు. ఆ భుజం ఎట్లా నొప్పి పెడుతుందో మాత్రం ఆ రోజే తెలిసింది. మన ఆడవాళ్లు వంతులవారీగా కూర్చున్నారు. మొదటామె నలభై చుట్లకే చెయ్యి దించింది. జిమ్‌కు పోయే పిల్లగాడు ఒకడు చొక్కా చేతులు మడిచి మరీ కూర్చున్నాడు, నూటపదికి లేచి మంచినీళ్లు అడిగాడు. అత్తమ్మ పక్కన కూర్చుని చాయ్ తాగుతూ, తెగిన పోగులు ముడేస్తూ, "ఆగొద్దు, ఆగితే లెక్క తప్పుతది" అంటూనే ఉంది.

మధ్యాహ్నం చిటికి కట్టడం చూపించింది. గుర్తు పెట్టిన చోట సైకిల్ ట్యూబు కోసిన సన్నని రబ్బరు ముక్కలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు, కట్టిన చోటికి రంగు పోదు. మనవాళ్లు నూలు చిలపల (దారపు చుట్టల) మీద కట్టినవి సగం వదులయ్యి రంగు లోపలికి దిగింది. అయినా వాటిని షెడ్డులో మేకుకు తగిలించే ఉంచాం.

సాయంత్రం ఆమె బస్సు కిరాయి కూడా అడగలేదు. బస్టాండు దాకా తోడు పోయిన టైలరక్క అడిగితే, ఆ రోజు ఇంట్లో ఆసు ఆగిపోయిందనీ, రాత్రి కూర్చుని పోస్తాననీ చెప్పిందట.

జూలై కమిటీ మీటింగులో ఈ ఒక్క విషయమే గంటన్నర నడిచింది. ఇకమీదట శాలువాలు, మెమెంటోలు బంద్. నేర్పడానికి వచ్చిన పనివాళ్లకు ఆ రోజు కూలీ 800 రూపాయలు, రానూపోనూ బస్సు కిరాయి, భోజనం. కొందరు సభ్యులు ఒప్పుకోలేదు. "మనూరోళ్లే గదా, పిల్లలకు జెర చూపెట్టనీకి కూడా పైసలేంది? సన్మానం చేస్తే చాలదా?" అని వాదన. డ్రాయింగ్ సారు అప్పటిదాకా నోరు విప్పలేదు. చివర్లో, "మీ ఇంట్ల నల్లా కారుతుంటే ప్లంబర్‌కు శాలువా కప్తరా?" అన్నారు. తీర్మానం పాసైంది. ఒప్పుకోని ఇద్దరి పేర్లు మినిట్స్‌లో ఉన్నాయి, వాళ్ల కోరిక మేరకే.

ఆ తీర్మానం కింద మొదటి కూలీ అందుకున్నది కుమ్మరి తాత. మట్టి వినాయకుల పని సెప్టెంబరు 1, ఆదివారం పెట్టుకున్నాం. కోదాడను ముంచిన వానలు గుర్తున్నాయి కదా, సరిగ్గా ఆ రోజే. తాత ముందురోజే తెచ్చి కుప్పపోసిన చెరువు మట్టి షెడ్డు వాకిట్లో చిత్తడైపోయింది. పండుగ శనివారం, ఏడో తారీఖు. మళ్లీ ఆదివారం దాకా ఆగే వీలు లేదు. గురువారం సాయంత్రం బడి వదిలాక కూర్చున్నాం.

ఆ తడిమట్టిని దారికి తేవడానికి తాత ఎండుమట్టి కలిపి పిల్లలతో తొక్కించాడు. నిజం చెప్పాలంటే వినాయకులు చేయడం కన్నా పిల్లలకు ఆ తొక్కుడే పండుగ. తాత ఊరికే నిలబడలేదు, వంగి వేళ్లతో మట్టి తడుముతూ రాళ్లు ఏరుతూనే ఉన్నాడు. "ఒక్క గులకరాయి ఉన్నా ఆరేటప్పుడు ఆడ్నే పగుల్తది" అన్నాడు. ఒక్కో రాయి తెచ్చి ఇస్తే ఒక్కో పుట్నాల ముద్ద అని టీచరమ్మ ఆశ పెట్టింది. పిల్లలు రాళ్లు బయటి నుంచి కూడా తేవడం మొదలుపెట్టాక ఆ పథకం ఆపేశాం. విగ్రహాలు పచ్చిగానే ఇళ్లకు పోయాయి. శుక్రవారమంతా ఫ్యాన్ల కింద పెట్టినా కొన్నింటి తొండాలు నిలవలేదు. మా ఇంటి వినాయకుడికి కూడా తొండం పూజ రోజు పొద్దున్నే అతికించాం.

బతుకమ్మ గురించి ఎక్కువ చెప్పను, అది నేర్పాల్సిన పని కాదు మనకు. గునుగు పువ్వు మాత్రం ఊరి చుట్టూ గట్ల మీద దొరకడం తగ్గింది. గడ్డిమందు కొట్టిన చేనులో గునుగు ఎక్కడిది! కట్టలు కొనుక్కొచ్చి కొసలకు రంగులద్దాం. ఆముదపాకులు, గుమ్మడాకులు అడుగున ఎట్లా పరవాలో, వరుస వరుసకూ ఎంత లోపలికి జరగాలో చూపించింది ఇద్దరు అవ్వలు. వాళ్లూ కూలీ తీసుకోవాలని టైలరక్క పట్టుబట్టింది, వాళ్లు తీసుకోలేదు, ఆ పైసలతో సద్దుల నాడు పిల్లలకు మలీద చేసి పెట్టారు. దీన్ని ఖర్చులో రాయాలా విరాళంలో రాయాలా అన్నది మన లెక్కల ఆయన ఇప్పటికీ తేల్చలేదు.

నవంబరులో పని దాదాపు ఆగింది. ఇంటింటి కుటుంబ సర్వే డ్యూటీ టీచరమ్మకు పడింది. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి సర్వే. ఆదివారాలు కూడా ఫారాలతోనే సరిపోయింది. చిన్నపిల్లల గుంపును పట్టుకోవడం మాలో ఎవరివల్లా కాలేదు. నేనొక ఆదివారం ప్రయత్నించాను. గోడ మీద ఉన్న నీలిరంగు అప్పటిదే.

డిసెంబరులో నల్లగొండ పక్కనున్న పానగల్లు పోయాం. పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత ఘట్టాలున్నాయి. డ్రాయింగ్ సారు ఒక్కొక్కరికి ఒక్కో జానెడు గోడ పంచి ఇచ్చి, అంతే గీయమన్నారు. రెండు గంటలు ఎవరూ ఫోన్ ముట్టలేదు. తర్వాత ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీది నీడ ఏ స్తంభానిదో తేల్చుకోలేక పిల్లలు బయటికి వచ్చి ఎండలో నిలబడి కొట్లాడుకున్నారు. బస్సు అద్దె ఒక సభ్యుడు పెట్టుకున్నారు, పేరు చెప్పొద్దన్నారు.

కలిసిరానివి కూడా రాయాలి. పెద్దవాళ్ల కోసం పెట్టిన సాయంత్రం క్లాసు మూడు వారాలకే మూతపడింది. మగవాళ్లు ఫోటోకు వస్తారు, చాప మీద కూర్చోరు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మగపిల్లలు మాయమవుతున్నారు, ట్యూషన్లు అంటారు. జనవరిలో మన పిల్లల పనుల ప్రదర్శనకు ఒక ఫంక్షన్ హాలు ఇస్తామని మాటిచ్చి, పెళ్లి బేరం తగలగానే ముందురోజు రాత్రి కాదన్నారు. షెడ్డులోనే తాళ్లు కట్టి క్లిప్పులతో వేలాడదీశాం. గాలికి బొమ్మలు తిరిగిపోతుంటే చూసేవాళ్లు కూడా వాటితోపాటు తిరిగారు.

ఖర్చులో సగానికి పైగా పనివాళ్ల కూలీ, కిరాయిలే. చందాలు దానికి చాల్లేదు, మిగిలింది పాత నిల్వలోంచి తీశాం. వచ్చే ఏడు ఇట్లాగే నడవాలంటే చందా పెంచాలి. ఎంతన్నది సభే తేల్చాలి.

వచ్చే ఏడుకు వచ్చిన సూచనల్లో ఒకటి పాలమూరు వైపు పోవడం. దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో, నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప బుర్రవీణకు 2024లో పద్మశ్రీలు వచ్చాయి. రెండూ సొరకాయ బుర్రలతో చేసే తీగ వాద్యాలు. పాట వినడానికి సభ పెడదామని కొందరన్నారు. డిగ్రీ పిల్లల ఆలోచన వేరు: సొరకాయ బుర్రను ఎట్లా ఎండబెడతారు, లోపలిది ఎట్లా తోడేస్తారు, వెదురు మీద మెట్లు ఎట్లా నిలుస్తాయి, అవి తెలిసిన మనిషి దగ్గర రెండు రోజులు కూర్చోవాలని. దానికి నేనూ సరేనన్నాను. ఎవరిని పిలిచినా కూలీ, కిరాయి ముందే మాట్లాడుకున్నాకే తేదీ వేస్తాం. గొంగడి నేసే కురుమ ఇల్లు ఒకటి కూడా చూసి పెట్టుకున్నాం. చింతగింజల గంజి పట్టించే రోజున పోవాలి, ఆ రోజు వాళ్లే చెప్తామన్నారు.

చివరగా ఒక అత్యవసరం. డ్రాయింగ్ సారుకు మోకాలి ఆపరేషన్ జూన్‌లో. మూడు నెలలు షట్టర్ లేపలేరు. కూర్చుని నేర్పుతానంటున్నారు, ఎవరైనా బండి మీద తీసుకొచ్చి దింపితే చాలు. షెడ్డు తాళంచెవి ఇప్పటిదాకా ఒక్కటే, అది ఆయన జంధ్యానికే ఉంటుందని పిల్లల జోకు. రెండోది చేయించాను, నా దగ్గర ఉంది. నేను ఆదివారం తొమ్మిదింటికి లేవనని మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి, తీసుకునేవాళ్లు సభ రోజే చెయ్యెత్తండి. షట్టర్ కింది ఎడమ మూల పట్టేస్తుంది, కాలితో కొద్దిగా నొక్కి లేపాలి.

కార్యదర్శి