మా బాబు డే కేర్ సబ్సిడీ వచ్చింది, సాయం చేసిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నిన్న ఉదయం డే కేర్ బిల్లు వచ్చింది. రోజుకు 145 డాలర్ల ఫీజులో ప్రభుత్వ సబ్సిడీ పోగా మేము కట్టాల్సింది దాదాపు 35 డాలర్లే. అది చూడగానే మా వారికి కూడా ఫోన్ చేయకుండా పక్కింటి అక్క దగ్గరికి పరిగెత్తాను. ఆమె తలుపు తీసింది, నాకు మాట రాలేదు, ఏడుపు వచ్చేసింది. నిన్న నోటితో చెప్పలేకపోయింది ఇవాళ రాస్తున్నాను.

మేము పోయిన నవంబరులో నరసరావుపేట నుంచి పీఆర్ (శాశ్వత నివాస వీసా) మీద ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వచ్చాం. ఇక్కడ టార్నెట్‌ అనే శివారులో ఉంటున్నాం. అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి బాబును చూసుకునేది. ఫిబ్రవరిలో నాన్నకు ఒంట్లో బాగోక ఆమె వెళ్ళిపోవాల్సి వచ్చింది. సరిగ్గా అదే వారం నాకు ఉద్యోగం వచ్చింది, వారానికి మూడు రోజులు. మూడు రోజుల డే కేర్‌కు 435 డాలర్లు. లెక్క వేసుకుని, ఉద్యోగం వదిలేద్దామనే అనుకున్నాం.

ప్రభుత్వం చైల్డ్ కేర్ సబ్సిడీ ఇస్తుందని విన్నాం. కానీ అది చూసే ప్రభుత్వ సంస్థ సెంటర్‌లింక్ అంటే పని లేనివాళ్ళకేమో అని నాకు మొహమాటం, తీసుకుంటే రేపు సిటిజన్‌షిప్‌కు అడ్డం వస్తుందేమోనని మా వారికి భయం. అక్కది కరీంనగర్. నా మాట సగంలోనే ఆపేసింది. "పీఆర్ ఉన్నది, పిల్లగాడు పదమూడేండ్ల లోపే ఉన్నడు, ఫీజు మీరే కడుతున్నరు. ఇంకేం గావాలె? పరేషాన్ గాకు, లాప్‌టాప్ తీస్కరా" అంది. ఆ రాత్రి పదకొండు దాకా మా డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుంది.

మైగవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో సెంటర్‌లింక్‌ను కలిపి క్లెయిమ్ మొదలుపెట్టించింది. 2025-26కి కుటుంబ ఆదాయం 85,279 డాలర్ల దాకా ఉంటే 90 శాతం ఇస్తారు, ఆ పైన ప్రతి 5,000 డాలర్లకు ఒక శాతం తగ్గుతుంది. మా ఇద్దరిదీ కలిపి 1,35,000 అని అంచనా వేశాం కాబట్టి 80 శాతం దగ్గర వచ్చింది. అందులో 5 శాతం ఏడాది చివరి లెక్క కోసం పట్టి ఉంచుతారు. ఆదాయం కాస్త తగ్గించి రాద్దామా అని మా వారు అంటే అక్క ఒప్పుకోలేదు. ట్యాక్స్ రిటర్న్ వేశాక తేడా వస్తే తిరిగి కట్టాల్సింది మనమే. ఎన్ని గంటలు పని చేస్తే ఎన్ని గంటల సబ్సిడీ అన్న పాత లెక్క పట్టుకుని నేను చాలా టెన్షన్ పడ్డాను. 2026 జనవరి 5 నుంచి అర్హత ఉన్న ప్రతి కుటుంబానికీ రెండు వారాలకు కనీసం 72 గంటలు ఇస్తున్నారని ఆమె చెబితేనే తెలిసింది. మాకు 60 చాలు.

తర్వాత టీకాలు. ఇక్కడి ప్రభుత్వ టీకాల రిజిస్టర్‌లో టీకాలు సరిగ్గా లేకపోతే సబ్సిడీ రాదు. మా దగ్గర ఉన్నది నరసరావుపేట డాక్టరు గారు ఇచ్చిన పసుపు రంగు పుస్తకం ఒకటే. ఒక పేజీ మీద నూనె మరక, తేదీలు ఆయన దస్తూరీలో. క్లినిక్‌లో నర్సు గారు ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి, అర్థం కానిచోట నన్ను అడిగి, అన్నీ రిజిస్టర్‌లోకి ఎక్కించారు. ఇక్కడి షెడ్యూల్‌లో ఉండి మావాడికి పడనిది ఒక్కటే తేలింది. అప్పటికప్పుడే వేశారు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే మోకాళ్ళ మీద కూర్చుని వాడి చేతికి స్టిక్కర్ అంటించారు. ఆవిడకు తెలుగు రాదు, ఈ మాటలు చదవలేరు. అయినా ఆవిడకు నా నమస్కారాలు.

క్లెయిమ్ మంజూరైనా రెండు వారాలు పూర్తి ఫీజే పడింది. డే కేర్ పంపే ఎన్‌రోల్‌మెంట్‌ను (బాబు నమోదును) మైగవ్‌లో మనం ఒప్పుకుంటేనే డబ్బు డే కేర్‌కు వెళ్తుంది. ఆ ఒప్పుకునే పని నాకు అసలు కనిపించనే లేదు. కారణం అక్కే పట్టింది. డే కేర్ ఫారంలో మన అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు రాశాను, సెంటర్‌లింక్‌లో పాస్‌పోర్టు ప్రకారం చివర ఉంది. రెండూ ఒకే మనిషివని అక్కడ తెలియలేదు. డే కేర్ మేనేజర్ గారు మధ్యాహ్నానికల్లా సరిదిద్దారు, సాయంత్రం ఫోన్‌లో ఎన్‌రోల్‌మెంట్‌ను ఒప్పుకోమనే మెసేజ్ వచ్చింది. ఎక్కువ కట్టిన డబ్బంతా తర్వాతి బిల్లుల్లో జమ చేశారు.

అక్కా, నీ ఇద్దరు పిల్లల హోంవర్కు ఆ రాత్రి మీ ఆయన చూసుకున్నారని నాకు తర్వాత తెలిసింది. బావగారికి కూడా చాలా చాలా థాంక్స్.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక్క మాట. డే కేర్ మొదలయ్యాక క్లెయిమ్ వేసినా వెనక్కి 28 రోజుల వరకే లెక్కలోకి తీసుకుంటారు, ఆలస్యం చేయకండి. టీకా పుస్తకం గానీ, పేర్ల తంటా గానీ ఉంటే నన్ను అడగండి. మంగళ, బుధ, గురువారాలు పనిలో ఉంటాను. మిగతా రోజుల్లో ఎప్పుడైనా సరే, ఇంటికి వస్తే ఇంకా మంచిది, పక్కన కూర్చుని నింపేద్దాం.