చిన్న మిషనే తీసుకో బావా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. గట్ల మీద సుబాబుల్ మోళ్లకి మళ్లీ పెరిగిన కర్రలన్నీ ఈ ఏడు నువ్వే కొట్టుకుంటానని రాశావు కదా, మా ఆవిడకి చదివి వినిపిస్తే "మరి అన్నయ్యగారి నడుం ఎవరు చూస్తారంటా?" అంది. నవ్వుకున్నాం గానీ, నువ్వడిగిన 58 సీసీ చైన్‌సా, అదే చెట్లు కోసే గొలుసు రంపం మిషన్, వద్దనడానికి కారణం ఆ నడుమే.

పోయినేడు నేనూ అంత బరువుదే ఒకటి అరువు తెచ్చాను. పెద్ద చెట్టయితే రెండు కోతలు, పడిపోతుంది. మోడు సంగతి అది కాదు. ఒక్కో మొదలుకి నాలుగైదు కర్రలు, ముంజేతి లావువి, జానెడు ఎత్తులో వంగి కోయాలి. గట్టు పొడవునా అలా ఎన్నిసార్లు వంగి లేవాలో లెక్కేసుకో. పొద్దున్న గంటసేపు బానే ఉన్నా. మధ్యాహ్నానికి చేతులు వణికి, బారు, అంటే గొలుసు తిరిగే పొడుగు రేకు, నేలకి తగిలి, మన ఇసక పర్రలో గొలుసు పదును ఇట్టే పోయింది. మొద్దు గొలుసుతో లాగిన చివరి మోళ్లకి బెరడు చీరుకుపోయింది. వాటిల్లో సగం చిగురే వెయ్యలేదురా!

అంచేత 30 సీసీ చుట్టుపక్కల, 12 అంగుళాల బారున్నది చూడు. 14 దాటకు. స్టిల్ ఎంఎస్ 180 ఉంది, 31.8 సీసీ, ఇంచుమించు 4 కేజీలు. హస్క్‌వర్నా 120 మార్క్ 2 అయితే 38 సీసీ, 5 కేజీలకి దగ్గర. ఇందులో కిటుకేంటంటే, కాగితం మీద రాసేది బారూ గొలుసూ లేని ఖాళీ మిషన్ బరువు. అవీ, పెట్రోలూ, ఆయిలూ కలిస్తే దాదాపు కేజీ పెరుగుతుంది. కొట్లో ట్యాంకు నింపించి, వంగుని ఐదు నిమిషాలు పట్టుకుని చూడు. కొట్టతను నవ్వితే నవ్వనీ.

పైన పిడి ఉండే బుల్లి మిషన్లు చూసి ముచ్చటపడకు. అవి చెట్టెక్కి కొమ్మలు కోసేవాళ్లవి. నీకు వెనక పిడి ఉన్నదే కావాలి, రెండు చేతులతో పట్టుకోవాలి. బారు ముక్కు పైభాగం దేనికన్నా తగిలిందంటే మిషన్ మొహం మీదకి లేస్తుంది. గుబురులో పక్క కర్ర తగలడం ఎంతసేపు? ముందున్న బ్రేకు రోజూ నొక్కి చూసుకో. లుంగీ ఎగ్గట్టి మాత్రం దిగకు, నీ సంగతి నాకు తెలుసు.

పెట్రోల్లో మంచి టూ స్ట్రోక్ ఆయిల్ లీటరుకి 20 మిల్లీలీటర్లు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటోంది, తేమ పీలుస్తుంది. మన వానాకాలం గాలికి చెప్పక్కర్లేదు. పనయ్యాక ట్యాంకు ఒంపేసి, ఆగిపోయేదాకా నడిపి మరీ అటకెక్కించు.

సుబాబుల్‌ని దాళ్వా వరి (రెండో పంట) కోతలయ్యాక, కాలువలు కట్టేసిన రోజుల్లో కొట్టు. తొలకరికి పిలకలొస్తాయి. వాన నీరు నిలవకుండా కోత ఏటవాలుగా ఉండాలి. గ్లైరిసిడియాని అప్పుడు ముట్టుకోకు, సార్వా (తొలి పంట) దమ్ములో దాని రొట్ట పచ్చి ఎరువుగా తొక్కాలిగా. ఆ సన్న రెమ్మలకి కత్తి చాలు, మిషనెందుకు? సముద్రం వారనున్న సరుగుడు కూడా కొడతానన్నావు. మన పాత రకం సరుగుడు మొదలు నుంచి సరిగ్గా చిగర్చదు, మళ్లీ మొక్క నాటుకోవాల్సిందే.

అన్నట్టు, పడిపోయిన కొబ్బరిచెట్లు దీంతోనే కోసేద్దామని ఆశపడకు. ఆ పీచుకి చిన్న గొలుసు ఏడుస్తుంది. 96 తుపాను తర్వాత మా నాన్న గొడ్డలితో ఎన్నాళ్లు కొట్టాడో నాకింకా గుర్తే. దానికి పెద్ద మిషన్ అద్దెకి పిలుచుకో.

ఆదివారం అమలాపురం వస్తున్నా, నేనొచ్చేదాకా డబ్బు కట్టకు. గొలుసుకి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి, నా దగ్గర రెండున్నాయి, ఒకటి నీకు తెస్తా.

నీ బావ